నల్లరాతి పొడిలో నాపరాయి పొడి కలిసింది: మా కొనుగోలుదారులకు వివరణ

నమస్కారం. మిద్దెతోటల కోసం మా దగ్గర మట్టి మిశ్రమం, రాతిపొడి కొంటున్న మీ అందరికీ ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉంది. ఈ ఏడాది జూన్, జూలై, ఆగస్టు నెలల్లో నల్లరాతి పొడి అని మేము అమ్మిన సంచుల్లోనూ, అదే పొడి కలిపి తయారుచేసిన మట్టి మిశ్రమంలోనూ నాపరాయి పాలిష్ పొడి కలిసి ఉంది. సరుకు తెచ్చిన వ్యాపారి మాట నమ్మి, లారీ దింపుకున్న రోజునే పరీక్షించకపోవడం పూర్తిగా మా తప్పు.

సెప్టెంబరు మొదటి వారంలో కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మగారు కరివేపాకు రెమ్మను కవరులో పెట్టుకుని మా షెడ్డుకు వచ్చారు. కింది ముదురు ఆకులు పచ్చగానే ఉన్నాయి గాని, కొసన ఉన్న లేత ఆకులు నిమ్మపండు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చ గీతల్లా మిగిలాయి. నత్రజని చాలకపోతే ముందుగా ముదురు ఆకులు పసుపెక్కుతాయి. లేత ఆకులు ఇలా అయ్యాయంటే మొక్కకు ఇనుము అందడం లేదని అర్థం. "మీ పొడిలో ఇనుము ఉంటుందని మీరే చెప్పారు కదండీ, మరి ఇదేమిటి?" అని ఆమె అడిగారు. ఆమె ఎదుటనే ఒక సంచి విప్పి, గుప్పెడు పొడిని స్టీలు పళ్లెంలో పోసి, సగం నిమ్మకాయ పిండాను. పొడి బుసబుస పొంగి తెల్లటి నురగ కట్టింది. పులుపు తగిలితే ఇలా పొంగేది సున్నపురాయి, నాపరాయి ఆ జాతిదే. మంచి నల్లరాతి పొడిలో అక్కడక్కడ ఒకటి రెండు బుడగలు వస్తే రావచ్చు గాని ఇలా నురగ రాదు. ఆ లోడు మామూలు కంటే తెల్లగా ఉందని దింపేటప్పుడే గమనించి కూడా, ఎండకు ఆరి అలా కనబడుతోందని సరిపెట్టుకున్నాను.

వికారాబాద్ వైపు దొరికే నల్లరాయి, అంటే బసాల్టు, లావా గడ్డకట్టి ఏర్పడినది. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము అందులో బాగా ఉంటాయి. దక్కనులోని నల్లరేగడి చాలావరకు ఆ రాయి చివికి తయారైన నేలే. అదే జిల్లాలోని తాండూరు నాపరాయి సున్నపురాయి. రెండింటికీ ఊళ్లు దగ్గరే అయినా గుణాలు చాలా దూరం. సున్నపురాయి పొడి మట్టి పులుపును తగ్గించి పీహెచ్‌ను, అంటే పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలతను, పైకి నెడుతుంది. పులుపు ఎక్కువైన నేలలకు అది మందే. కాని మన నగరంలో చాలా ఇళ్లలో కుండీలకు పోసేది బోరు నీళ్లు, అందులోనే సున్నపు ఉప్పులు తగినంత ఉంటాయి. ఆ నీళ్లకు ఈ పొడి తోడైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేని రూపంలోకి మారిపోతుంది. కరివేపాకు, నిమ్మ, గులాబి, మందారం దీన్ని ముందుగా చూపిస్తాయి. పైగా పాలిష్ పొడి మరీ మెత్తనిది కనుక తడిసి ఆరినప్పుడు పైన పెచ్చు కడుతుంది. నీళ్లు ఇంకడం లేదని వర్షాకాలంలో మీలో కొందరు ఫోన్ చేసినప్పుడు కొబ్బరిపొట్టు ఎక్కువ కలపమని చెప్పాను. అసలు కారణం ఇది.

ఈ సందర్భంలోనే మరో మాట కూడా సరిదిద్దుకోవాలి. రాతిపొడి వేస్తే ఆ పంటలోనే తేడా కనిపిస్తుందని గత ఏడాది మా కరపత్రంలో వేశాము. అది అతిశయోక్తి. రాయిలో నత్రజని ఉండదు, కాబట్టి ఏ రాతిపొడీ ఎరువుకు బదులు కాదు. మిగతా పోషకాలు కూడా వేళ్లు, సూక్ష్మజీవులు విడిచే ఆమ్లాలు రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తేనే బయటికి వస్తాయి, అందుకు నెలలు కాదు, సంవత్సరాలు పడుతుంది. క్రషర్ల దగ్గర చవకగా దొరికే గ్రానైటు పొడి ఇంకా నిదానం: అందులోని పొటాష్ ఫెల్‌స్పార్ అనే ఖనిజంలో గట్టిగా బంధించి ఉంటుంది, పక్కనే ఉండే పలుగురాయి మొక్కకు పనికిరాదు సరికదా, దాని ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అందుకే గ్రానైటు పొడి మేము అమ్మము. ఏ పొడి వాడినా ముక్కుకు మాస్కు కట్టుకుని, కాస్త నీళ్లు చిలకరించి కలపమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

అల్వాల్‌కు చెందిన రైతు, 2020లో పద్మశ్రీ అందుకున్న చింతల వెంకటరెడ్డి గారి పద్ధతీ ఇదీ ఒకటేనా అని చాలామంది అడుగుతున్నారు. కాదు. ఆయనది నేల లోపలి పొర మట్టిని తవ్వి తీసి, ఆరబెట్టి, పైమట్టిపై వేసే పద్ధతి. ఆ మట్టి ప్రకృతి ఇప్పటికే చివకగొట్టిన రాయి. మేము ఇచ్చేది ఇంకా చివకవలసిన రాయి.

ఆ చివికే పని జరగాలంటే పొడిని నేరుగా కుండీలో కాక కంపోస్టు కుప్పలో వేయడం మేలని మా అనుభవం. ఇకపై మా మిశ్రమంలో విడిగా రాతిపొడి కలపము. పశువుల పేడ, ఎండుటాకులు పొరలుగా వేసేటప్పుడే నల్లరాతి పొడిని పలచగా చల్లి, నాలుగైదు నెలలు మాగనిచ్చి, ఆ ఎరువునే ఎర్రమట్టిలో కలుపుతాము. కుళ్లే పదార్థంలోని ఆమ్లాలు, దాన్ని తినే వానపాములు రాయిపై పని మొదలుపెట్టేది అక్కడే. కుండీల్లో ఆ జీవం నిలబడడానికి జీవామృతం చాలు. ఇరవై లీటర్ల నీటికి కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, బెల్లం, శనగపిండి రెండు వందల గ్రాముల చొప్పున, గుప్పెడు మంచి మట్టి వేసి, నీడలో రెండు రోజులు పులియబెట్టి, రోజూ ఉదయం సాయంత్రం కర్రతో కలిపి, పదింతల నీటితో పలుచన చేసి పోయండి. దీన్ని మా దగ్గర కొననవసరం లేదు.

ఇక మీ దగ్గరున్న సరుకు సంగతి. ఆ మూడు నెలల్లో కొన్న పొడి సంచులను, వాడినా వాడకపోయినా, బిల్లు లేకపోయినా, పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాము. మట్టి మిశ్రమంలో ఆకుకూరలు ఉంటే కోతలు అయ్యాక ఆ మట్టిని సంచికెత్తి పెట్టండి, మా బండి వచ్చి తీసుకుని కొత్తది ఇస్తుంది. కరివేపాకు, నిమ్మ, గులాబి వంటివి మాత్రం ఆగకుండా ఈ వారంలోనే సాయంత్రం పూట, వేరుగడ్డ పగలకుండా మార్చండి. కొత్త మట్టి ముందుగా వాటికే పంపుతాము. మార్చేలోగా వీలైతే పట్టి ఉంచిన వాన నీళ్లు పోయండి. వెనక్కి వచ్చిన మట్టిని మళ్లీ అమ్మము, షెడ్డుకు వచ్చే దారిలో గుంతలు పూడ్చడానికి వాడతాము. కొత్త నల్లరాతి పొడి లోడు నిన్న దిగింది. ప్రతి పది సంచులకు ఒకటి విప్పి నిమ్మరసం పోసి చూశాము, నురగ రాలేదు. పీహెచ్ కోసం నమూనాను భూసార పరీక్షకు పంపాము; ఆ ఫలితం చేతికి వచ్చేదాకా ఒక్క సంచి కూడా షెడ్డు దాటదు.