గురువారం పారిష్ మీటింగ్, అందరూ రండి

అందరికీ నమస్కారం. ఈ గురువారం సాయంత్రం 7 గంటలకు విలేజ్ హాల్లో మన ఊరి వార్షిక పారిష్ మీటింగ్ (ఇంగ్లండ్‌లో పారిష్ అంటే మన పంచాయతీ లాంటిది, ఇది చర్చి మీటింగ్ కాదు). ఇది కౌన్సిలర్ల మీటింగ్ కాదండీ, ఊరి ఓటర్లందరిదీ. ఓటరు జాబితాలో పేరుంటే మాట్లాడొచ్చు, చెయ్యెత్తి ఓటూ వేయొచ్చు.

వీసా మీద ఉన్నా సరే, ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ ఓటుంది. ఇంకా నమోదు కానివాళ్ళు ఆన్‌లైన్‌లో చేసుకోండి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ (ఇక్కడ ఉద్యోగం, పన్నుల కోసం ఇచ్చే నంబర్) దగ్గర పెట్టుకోండి. ఈ మీటింగ్‌కి అందకపోయినా వచ్చే ఎన్నికలకి పనికొస్తుంది.

బస్ షెల్టర్ పైకప్పు సంగతి నేను లేవనెత్తుతాను. నిన్న పొద్దున పిల్లలు నలుగురూ ఒకే మూలకి ఒదిగి నిలబడ్డారు, అయినా బ్యాగులు తడిసి ముద్దయ్యాయి. మీరూ పక్కనుంటే బలం.

వచ్చేవాళ్ళు బుధవారం రాత్రిలోపు ఇక్కడ పేరు పెట్టండి. కార్లు సర్దుకుందాం.