స్వెటర్లవాళ్ళకు చోటు చూపించండి

అయ్యా,

ఉత్తరాంధ్రలో ఓ చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళుగా మిషను కుడుతున్నాను. కార్తీకమాసం వచ్చిందంటే మా వీధి చివర టిబెట్టువాళ్ళ స్వెటర్ల కొట్లు వెలుస్తాయి. జిప్పు ఊడినా, చెయ్యి పొడుగైనా సరుకు నా దగ్గరికే వస్తుంది. "బాబాయ్, రెండంగుళాలు తగ్గించు" అని తెలుగులోనే అడుగుతుంది ఒకావిడ. పుట్టింది ఒడిశా చంద్రగిరిలోనట.

1959లో దలైలామా మనదేశం వచ్చాక, వెనకే వచ్చినవాళ్ళలో కొందరికి 1963లో అక్కడి కొండల్లో చోటిచ్చారు. మొక్కజొన్న వేసుకుంటారు. వానాకాలం పంట ఒక్కటే ఏడాదంతా తిండి పెట్టదు కదా! అందుకే లూధియానాలో అప్పు మీద సరుకెత్తి ఊళ్ళు పట్టుకు తిరుగుతారు. (చేత్తో అల్లినవా అని జనం అడుగుతుంటారు. కావు, మిల్లు సరుకే.) చలి పోయేలోగా అమ్ముడైతేనే బాకీ తీరేది.

పోయినేడు వాళ్ళచేత మూడుసార్లు కొట్లు ఎత్తించారు. మూడోసారి వాన పడింది. తడిసిన మంకీ క్యాపులు నా కొట్టు చూరు కింద తాడు కట్టి ఆరేశాం. ఆవిడ ఏడవలేదు, లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

ఈ శరణార్థులకు వ్యాపార లైసెన్సులు ఇవ్వొచ్చని 2014లో కేంద్రం తెచ్చిన పునరావాస విధానంలోనే ఉంది. వాళ్ళు దానం అడగడంలేదు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఒకే చోటు, కట్టిన అద్దెకు రసీదు. మా ఊరి అధికారులు ఈసారి దసరాలోపే ఆ రెండూ తేల్చాలి.

– ఒక టైలరు, ఉత్తరాంధ్ర