స్టెగోసెరాస్ తల గురించి

చి. మేఘనకు ఆశీస్సులు.

నడినెత్తి మీద గుండ్రటి మందపాటి ఎముక ఉన్న స్టెగోసెరాస్ అనే డైనోసార్ నిజంగానే పొట్టేలులా తలతో ఢీకొనేదా అని అడిగావు. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పడానికి మనసొప్పక ఉత్తరం రాస్తున్నాను.

సుమారు 7.5 కోట్ల ఏళ్ల కిందట, నేడు కెనడాలో ఆల్బెర్టాగా ఉన్న ప్రాంతం వెచ్చని తీరమైదానం. లోతు తక్కువ సముద్రమొకటి ఉత్తర అమెరికాను నిలువునా రెండుగా విడదీస్తే, దాని పడమటి ఒడ్డున నదుల వెంట సెంట్రోసారస్ మందలు మేసేవి, గోర్గోసారస్ వేటాడేది. వాటి మధ్య రెండు మీటర్లకు కాస్త మించిన పొడవుతో, రెండు కాళ్ల మీద నడుస్తూ, రంపపు అంచులున్న చిన్న పళ్లతో ఆకులు కొరికి తినే ఈ జంతువు బతికింది.

1902లో శిలాజ శాస్త్రవేత్త లారెన్స్ లాంబ్ దీనికి పేరు పెట్టినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి నడినెత్తి ఎముక ముక్కలే. 1924లో చార్లెస్ గిల్మోర్ దాదాపు పూర్తి పుర్రెను, అస్థిపంజరంలో కొంత భాగాన్ని వర్ణించారు కానీ, పళ్ల పోలికను బట్టి దీనిని ట్రూడాన్ జాతిలో చేర్చారు. ట్రూడాన్ పక్షులకు దగ్గరి బంధువైన వేరే డైనోసార్ అని తేలి, ఈ రెండూ విడిపోవడానికి ఇంచుమించు ఇరవై ఏళ్లు పట్టింది. పళ్లు ఒక్కటే చూసి జంతువును గుర్తించడం ఎంత ప్రమాదమో చూడు!

ఇక నీ ప్రశ్న. నడినెత్తి ఎముకలో దెబ్బను తట్టుకోవడానికే ఏర్పడిందని కొందరు భావించిన గుల్ల నిర్మాణం పిల్ల జంతువుల్లోనే ఉండి, ఎదిగేకొద్దీ కనుమరుగవుతుందని 2004లో గుడ్విన్, హార్నర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు; కాబట్టి ఆ గుండ్రటి తల తమ జాతిని గుర్తుపట్టడానికి, ఆకర్షణకే తప్ప పోరాటానికి కాదని వాదించారు. అయితే 2011లో స్నైవ్లీ, థియోడర్ స్టెగోసెరాస్ పుర్రెను సీటీ స్కాన్ తీసి, నేటి జంతువుల పుర్రెలతో పోల్చి, అది గట్టి దెబ్బలను తట్టుకోగలదన్నారు. 2013లో స్టెగోసెరాస్, దాని బంధువులు ఉన్న డైనోసార్ కుటుంబానికి చెందిన నూరుకు పైగా నెత్తి ఎముకలను పరిశీలిస్తే, సుమారు 22 శాతంలో దెబ్బల వల్ల వచ్చినట్టున్న గాయాల గుర్తులు కనిపించాయి; అదే కుటుంబంలోని బల్లపరుపు తలల్లో అవి లేవు. నన్ను ఒప్పించింది ఈ చివరి సాక్ష్యమే. పోట్లాట లేకుండా అన్ని గాయాలు నడినెత్తి మీదే ఎందుకు పడతాయి?

అయితే తలా తలా తాకించుకునేవా, లేక ఎదుటిదాని పక్కటెముకలను పొడిచేవా అన్న వాదం ఇంకా నడుస్తోంది. రెండు గుండ్రటి తలలు ఎదురెదురుగా తగిలితే పక్కకు జారిపోతాయన్నది పక్కటెముకల పక్షం వారు చెప్పే కారణం.

ఇట్లు,
మీ నాన్న