కార్బన్ పన్ను డబ్బు ఎవరికి చేరాలి?

సంపాదకులకు నమస్కారం.

యూరప్‌కు వెళ్లే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు వంటి సరుకుల మీద వాటి తయారీలో వెలువడే కార్బన్‌ను బట్టి యూరోపియన్ యూనియన్ పెట్టిన సరిహద్దు కార్బన్ పన్ను 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో మొదలైంది. స్టీల్‌ప్లాంట్ ఉన్న ఊరు మనది కాబట్టి ఇది విశాఖ వాళ్లు పట్టించుకోవాల్సిన విషయం. బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో టన్ను ఉక్కు తీస్తే దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. దాన్ని తగ్గించమంటే నేనూ సరే అంటాను. పొగ తగ్గితే ముందు బాగుపడేది గాజువాక వాళ్లమే. నా అభ్యంతరమల్లా ఆ పన్ను డబ్బు యూరప్ ఖజానాకే చేరడం మీద.

ధనిక దేశాలు పన్ను వేయడానికి చూపిన పట్టుదల ఇచ్చిన మాట నిలబెట్టుకోవడంలో చూపలేదు. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సులో మాటిచ్చాయి. వాళ్ల లెక్కల ప్రకారమే అది నెరవేరింది 2022లో. అందులోనూ ప్రభుత్వాల ద్వారా వచ్చిన సొమ్ములో మూడింట రెండు వంతులు అప్పులే. వడ్డీతో తిరిగి కట్టాల్సినదాన్ని సాయం అని ఎలా అంటాం? 2024లో బాకూ వాతావరణ సదస్సులో పేద దేశాలు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగితే, 2035 నాటికి ఏటా 30 వేల కోట్లు అన్నారు. మన దేశ ప్రతినిధి సభలోనే లేచి అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత రెండు నెలలకే అమెరికా భూతాపాన్ని అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మన నగరాన్ని ఏం చేసిందో ఇక్కడ ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. ఉత్తరాంధ్ర నష్టం 21 వేల కోట్ల రూపాయలకు పైనే అని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం అంచనా వేసింది. వాతావరణ విపత్తుల్లో నష్టపోయిన దేశాల కోసం 2023లో దుబాయ్ సదస్సులో మొదలైన నిధికి అక్కడ వచ్చిన హామీలు సుమారు 70 కోట్ల డాలర్లు, అంటే అప్పటి మారకం లెక్కలో 6 వేల కోట్ల రూపాయల లోపే. ఒక్క తుఫానుకే చాలని డబ్బు ప్రపంచమంతటికీ ఏం సరిపోతుంది?

ఈ దేశాలకు చేతకాక కాదు. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకున్నాక, వర్ధమాన దేశాల ఖర్చు భరించడానికి 1990లో ఒక ఉమ్మడి నిధి కూడా పెట్టారు. ఫ్యాక్టరీలు పద్ధతి మార్చుకోవడానికి అయ్యే అదనపు ఖర్చు ఆ నిధి నుంచి గ్రాంటుగా వచ్చేది. అందుకే మన దేశం ఫ్రిజ్‌లలో వాడే, ఓజోన్‌ను దెబ్బతీసే సీఎఫ్‌సీ గ్యాసుల తయారీని గడువుకు ముందే, 2008లోనే ఆపేయగలిగింది. డబ్బు, సాంకేతికత, గడువు మూడూ కలిసి వచ్చిన చోట పని జరిగింది.

కార్బన్ పన్ను విషయంలోనూ అదే పద్ధతి రావాలి. మన ఉక్కు మీద వసూలైన సొమ్ము మన ఫర్నేస్‌లను బొగ్గు నుంచి హైడ్రోజన్ వైపు మార్చుకోవడానికి గ్రాంటుగా తిరిగి రావాలి. యూరప్‌తో జరిగే ప్రతి వాణిజ్య చర్చలో కేంద్రం దీన్ని షరతుగా పెట్టాలి. మన ఎంపీలు రాబోయే పార్లమెంటు సమావేశాల్లో దీనిపై ప్రశ్న వేయాలని, వేశారో లేదో మీ పత్రిక మాకు తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం