2025–26 వార్షిక నివేదిక: ఈ ఏడాది ధరలు రాయడం మొదలుపెట్టాం

సభ్యులందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడలోనూ చుట్టుపక్కలా ఉన్న మన తెలుగు కుటుంబాల సంఘం ఏడాది పనుల నివేదిక ఇది. మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. కార్తీక వనభోజనాలు నాగావళి ఒడ్డున బాగానే జరిగాయి. పరాభవ ఉగాదికి పంచాంగ శ్రవణం పెట్టాం, వచ్చినవాళ్లలో సగంమంది పచ్చడి కోసమే వచ్చారని నా అనుమానం. పిల్లల తెలుగు క్లాసు నడుస్తోంది గానీ పరీక్షల రోజుల్లో పల్చబడిపోతోంది. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా పంపుతారు. మిగతాదంతా ధరల పని గురించే, ఎందుకంటే ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టింది అదొక్కటే, అందరూ అడుగుతున్నదీ దాని గురించే.

మనలో ఏ ఇద్దరు కలిసినా వచ్చే మాట మీకు తెలుసు. ఆంధ్రా వైపు పార్వతీపురంలో అన్నీ చవక అని ఒకరంటారు, రైలు ఖర్చు కలుపుకుంటే ఇక్కడే నయం అని ఇంకొకరంటారు, గుణుపురం వైపు నుంచి వచ్చినవాళ్లు రెండూ కాదంటారు. ఎవరి దగ్గరా రాసిపెట్టిన లెక్క ఉండదు. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె, షాంపూ, టూత్‌పేస్టు, సబ్బుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ఆ వారం మన గ్రూపులో జరిగిన వాదన ఇప్పుడు తలుచుకున్నా తల తిరుగుతుంది. తగ్గించారని కొందరు, పాత సరుకు పాత ధరకే అంటగట్టారని కొందరు. సరే, ముందు ఎంతకి కొన్నారు అని అడిగితే ఒక్కరి దగ్గరా బిల్లు లేదు. అక్కడ పుట్టిన పని ఇది.

ప్రభుత్వం ధరలు సేకరించడం లేదా అంటే సేకరిస్తోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దేశంలో సుమారు 550 కేంద్రాల నుంచి రోజూ ధరలు తెప్పించుకుంటుంది, 2024 ఆగస్టు నుంచి ఆ జాబితాలో సరుకులు 22 నుంచి 38కి పెరిగాయి. మండీ ధరలు కావాలంటే అగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ సైట్ ఉంది. పప్పులు, ఉల్లి, బంగాళాదుంపలకి ఇవి చాలు. కానీ మన వీధి చివర కొట్లో ఫలానా షాంపూ సీసా ఎంతకిచ్చారు అన్నది వాటిలో దొరకదు. అందుకే ఓపెన్ ప్రైసెస్ అనే సైట్ పట్టుకున్నాం. ప్యాకెట్ల మీది వివరాలు అందరూ కలిసి రాసిపెట్టే ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ అని 2012లో ఫ్రాన్స్‌లో మొదలైంది, ఇది కూడా వాళ్లదే. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా ధరలు చేర్చొచ్చు, చేరినవి ఎవరైనా చూడొచ్చు, దించుకోవచ్చు.

మొదలుపెట్టడం కష్టమేం కాదు. ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్‌లో ఖాతా తెరిస్తే అదే ఇక్కడా పనిచేస్తుంది. అసలు పేరే పెట్టుకోవాలని లేదు, మీరు పెట్టుకున్న పేరు మీ ఎంట్రీల పక్కన అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఏదో ఒక మారుపేరు మేలు. తర్వాత ముందు ఋజువు, ఆ తర్వాతే ధర. అంటే బిల్లుదో, అరమీద అంటించిన ధర చీటీదో ఫోటో ఎక్కించి, అది ఏ కొట్టు, ఏ తేదీ, ఏ కరెన్సీ అని చెప్పాలి. కరెన్సీ దగ్గర భారత రూపాయి ఉందో లేదో ఒకసారి చూసుకోండి, యూరో ఉండిపోతే 40 రూపాయల సబ్బు 40 యూరోల సబ్బు అయిపోతుంది, రాయగడ కొట్లో! ఆ తర్వాత ప్యాకెట్ మీది బార్‌కోడ్ ఫోన్‌తో స్కాన్ చేసి ధర కొట్టడమే. మన దగ్గర చాలా ప్యాకెట్ల మీద 890తో మొదలయ్యే అంకెలుంటాయి. 890 అంటే ఇండియాలో తయారైందని అర్థం కాదు, ఆ నంబరు బార్‌కోడ్ అంకెలు ఇచ్చే జీఎస్1 సంస్థ భారత్ శాఖ దగ్గర తీసుకున్నదని మాత్రమే. విడిగా తూచి అమ్మే బియ్యం, కూరగాయలకి బార్‌కోడ్ ఉండదు కాబట్టి సరుకు రకం ఎంచుకుని కిలో ధరో, ఒక్కోదాని ధరో రాయాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను. రాయాల్సింది మీరు కట్టిన డబ్బు, ప్యాకెట్ మీది ఎంఆర్‌పీ కాదు. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు, అంతే. తెలిసిన కొట్టువాళ్లు రూపాయో రెండో తగ్గించడం మామూలే, ఆ తగ్గిన ధరే మనకి కావాలి. ఆఫర్ అని బోర్డు పెట్టి అమ్మితేనే డిస్కౌంట్ గుర్తు పెట్టాలని మనలో మనం ఒక పద్ధతి అనుకున్నాం, అందరూ అదే పాటించండి, లేకపోతే రేపు పోల్చుకోవడానికి పనికిరాదు.

మనకి అసలు చిక్కు వచ్చింది ఋజువు దగ్గరే. ఈ సైట్ అరలకి ధర చీటీలు అంటించే సూపర్‌మార్కెట్లని చూసి కట్టినట్టుంటుంది, చీటీ ఫోటో ఎక్కిస్తే మెషీనే చదివి ధర సూచిస్తుంది కూడా. మన కిరాణా కొట్లో చీటీ ఎక్కడుంది? కొట్టాయన నోటితో చెప్తాడు, పాత క్యాలెండర్ కాగితం వెనక లెక్క కూడి ఇస్తాడు, సగం అంకెలు ఒడియాలో ఉంటాయి. చేతిరాత చిట్టీ కూడా బిల్లేనని మేం నిర్ణయించుకున్నాం, దాని మీద తేదీ, సరుకు పేర్లు ఉంటే చాలు. అడిగితే చాలామంది రాసిచ్చారు. ఒక పిన్నిగారిని మాత్రం "ఏటమ్మా, నామీద కేసెట్టడానికా?" అని అడిగాడట ఒకాయన. అలాంటిచోట పట్టుపట్టొద్దు. నెలసరి సరుకులు అక్కడే తీసుకోవాలి, అప్పుకీ అక్కడికే వెళ్లాలి, ఒక ఫోటో కోసం ఆ మాటా మంచీ పోగొట్టుకోవడం దండగ.

రెండో చిక్కు కొట్టు చిరునామా. ఈ సైట్ కొట్ల జాబితా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా చేర్పులు చేయగల మ్యాప్ నుంచి తీసుకుంటుంది, మన బజారులో సగం కొట్లు అందులో లేవు. లేని కొట్టుని మనమే మ్యాప్‌లో చేర్చాలి. పిల్లలు దీన్ని మనకంటే తొందరగా నేర్చుకున్నారు, బోర్డు మీదున్న ఒడియా పేరుతోపాటు తెలుగు పేరు కూడా విడిగా చేర్చొచ్చని కనిపెట్టింది వాళ్లే. వేరే కంపెనీ మ్యాప్‌ చూసి ఎక్కించకూడదు, అది నియమం, మీరు కళ్లతో చూసిన కొట్టే చేర్చాలి. ఇప్పుడు చేర్చితే ఇప్పుడే ధరల సైట్‌లో కనబడకపోవచ్చు, కాస్త ఆగి వెతకండి.

సంతల సంగతి. చాటికొన బుధవారం సంతకి వెళ్లే సభ్యులు అక్కడి ధరలు కూడా ఎక్కిద్దామన్నారు. నేను వద్దన్నాను, కమిటీలో కొందరికి అది నచ్చలేదు. నియమగిరి కొండల నుంచి డొంగ్రియా కోందు గిరిజన ఆడవాళ్లు అనాసపళ్లు, పసుపు మోసుకొస్తారు, పోగు లెక్కన అమ్ముతారు. పోగుకి కిలో లెక్క ఉండదు, ఆ పోగు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. పైగా ధర అందరికీ కనబడితే లాభపడేది దారి మధ్యలో ఆపి బేరమాడే దళారీలే, ఆ ఆడవాళ్లు కాదు. అడక్కుండా మనుషుల ఫోటోలు తీయడం మరీ తప్పు. ఈ మాట మీద సర్వసభ్య సమావేశంలో ఎవరైనా వాదించాలనుకుంటే వాదించొచ్చు, అప్పటిదాకా సంత ధరలు వద్దు.

బిల్లు ఫోటో అందరికీ కనబడుతుందని మరచిపోకండి. మీ ఫోన్ నంబరు, యూపీఐ వివరాలు, మెంబర్‌షిప్ కార్డు నంబరు ఉంటే వేలు అడ్డం పెట్టో, కాగితం కప్పో తీయండి. మందుల షాపు బిల్లులు అసలు ఎక్కించొద్దు. మీ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో ఊరందరికీ ఎందుకు?

ఇంతా చేసి ఏం తేలింది అంటే, పార్వతీపురం వాదన ఇంకా తేలలేదు. ఇటు రాసినవాళ్లు ఎక్కువ, అటు బిల్లు ఫోటోలు పెట్టినవాళ్లు తక్కువ, ఒకే తేదీన ఒకే సరుకు రెండుచోట్లా దొరకడం మరీ తక్కువ. ఒక ఉపయోగం మాత్రం కనిపించింది. చిన్న ప్యాకెట్లలో ధర అలాగే ఉండి బరువు మారితే ఇదివరకు ఎవరూ గమనించేవారు కాదు, ఇప్పుడు బార్‌కోడ్ కొత్తదని సైట్ చెప్పగానే జనం ప్యాకెట్ తిప్పి గ్రాములు చూస్తున్నారు. బరువు మారిన ప్యాకెట్‌కి కొత్త నంబరు ఇవ్వాలన్నది బార్‌కోడ్ నియమమే.

వచ్చే ఏడాదికి అన్ని సరుకులూ వద్దు. వంటనూనె, టీపొడి, ఒంటి సబ్బు, బట్టల సబ్బు, టూత్‌పేస్టు, ఇవే తీసుకుందాం, నెల మొదటి వారంలో కొన్న బిల్లే ఎక్కిద్దాం. పార్వతీపురం, బొబ్బిలి వైపు చుట్టాలున్నవాళ్లు అదే వారం అక్కడి బిల్లు ఒక్కటి తెప్పించండి. సైట్‌లోని మాటల్ని తెలుగులోకి మార్చే పనికి ఇద్దరు ముగ్గురు కావాలి, ఆడవాళ్లయితే ఇంకా మంచిది, సరుకుల పేర్లు మగవాళ్లకి సరిగ్గా రావు. ఫోన్‌లో ఖాతా తెరవడం రానివాళ్లు ఆదివారం పిల్లల క్లాసు అయ్యాక ఆగితే పెద్దపిల్లలు చూపిస్తారు. వచ్చేటప్పుడు ఒక బిల్లు, ఒక ఖాళీ ప్యాకెట్ తెచ్చుకోండి. బాకీ ఉన్న చందా కూడా.

ఇట్లు,
కార్యదర్శి