టికెట్ మూసింది మీరు, నేను కాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: అద్దె ఇళ్లు చూపించే మీ యాప్‌లో ప్లాన్‌కు డబ్బు కట్టించుకుని 41 రోజులుగా నన్ను తిప్పుతున్న తీరు గురించి

ఈ ఉత్తరం చదివేది మనిషే అయితే ముందుగా నమస్కారం. మీ సంస్థలో మనుషులు పనిచేస్తున్నారనే నమ్మకంతోనే రాస్తున్నాను. ఆ నమ్మకానికి ఆధారమైతే ఈ 41 రోజుల్లో పెద్దగా దొరకలేదు.

నాకు సముద్రం పక్కనున్న శివారు ఊరికి బదిలీ అయింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ కావాలి. 'బ్రోకర్ బెడద లేదు, నేరుగా ఓనర్‌తో మాట్లాడండి' అన్న మీ మాట నమ్మి 3 నెలల ప్లాన్ తీసుకున్నాను. మీరు చూపించిన మొదటి ఫ్లాట్ కింద 'సీ వ్యూ' అని ఉంది. సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వెళ్లాను. సముద్రం కనిపించిన మాట నిజమే. బాత్‌రూమ్‌లో బకెట్ బోర్లించి, దానిమీద నిలబడి వెంటిలేటర్‌లోంచి చూస్తే కనిపించింది. బాల్కనీ గ్రిల్ పట్టుకుంటే తుప్పు పొరలు పొరలుగా చేతికొచ్చింది. స్లాబు లోపల కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బడంతో పెచ్చులూడి ఇనుము బయటపడింది. ఉప్పుగాలి చేసే పనికి మీరేం చేస్తారు లెండి, దాన్ని వదిలేస్తున్నాను.

వదలనిది వాచ్‌మన్ చెప్పిన మాట. "ఇంత దూరం వచ్చారు కదా అని తాళం తీశానమ్మా. దీనికి వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేసి నెల దాటింది. మీరు తొమ్మిదోవాళ్లు. తీసెయ్యమని ఓనర్ గారు ఆ యాప్ వాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా తియ్యరు" అన్నాడు.

బస్సు దిగకముందే మీకు ఫోన్ చేశాను. 23 నిమిషాలు సంగీతం విన్నాక ఒకబ్బాయి లైన్‌లోకి వచ్చాడు. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్" అని నాలుగుసార్లు అన్నాడు. అందులో ఒకటి, నా పేరు చెప్పినప్పుడు. టికెట్ నంబర్ ఇచ్చి, 48 గంటలు ఆగమన్నాడు. ఆగాను. 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఎవరూ ఫోన్ చేయలేదు, ఒక్క మాట అడగలేదు. నా సమస్య నాకు తెలియకుండానే పరిష్కారమైపోయింది.

మళ్లీ చేశాను. మూసిన టికెట్ తెరవడం కుదరదట, కొత్తది తీసుకోవాలట, కథంతా మొదటి నుంచి చెప్పాలట. చెప్పాను. ఈసారి నాకొక రిలేషన్‌షిప్ మేనేజర్‌ని కేటాయించారు. ఆయన నిజంగానే ఫోన్ చేశారు. నేను నోరు తెరిచేలోపే, ప్రీమియం ప్లాన్‌కు మారితే వెరిఫై చేసిన ఇళ్లు వస్తాయన్నారు. మరి ఇప్పుడు నేను డబ్బు కట్టింది వెరిఫై చెయ్యని ఇళ్లకా అని అడిగాను. లైన్ కట్ అయింది. సిగ్నల్ పోయి ఉంటుంది, పాపం.

తర్వాత మీ చాట్‌బాట్. 'మీకు సహాయం అందిందా?' అని అడిగి, కింద 'అవును' అని ఒక్కటే బటన్ ఇచ్చారు. ఆ బటన్ తయారు చేసినవారిని ఒకసారి చూడాలని ఉంది. సూపర్‌వైజర్‌ని ఇమ్మంటే మీటింగ్‌లో ఉన్నారన్నారు. వారం తర్వాతా మీటింగే, ఆ పై వారమూ మీటింగే. ఆ మీటింగ్ దేనిమీదో గానీ, కస్టమర్లకు జవాబివ్వడం మీదైతే కాదని అర్థమైంది.

అయిదోసారి ఫోనెత్తిన అమ్మాయి మాత్రం గొంతు తగ్గించి, "నిజం చెప్పాలంటే మేడమ్, ఆ లిస్టింగ్ తీసే అవకాశం మా దగ్గర లేదండి" అంది. ఇన్ని రోజుల్లో నాకు దొరికిన ఒకే ఒక్క నిజం అది. దయచేసి ఆ అమ్మాయిని ఏమీ అనకండి.

6 ఏళ్లుగా మీ కస్టమర్‌ని. మూడు ఇళ్లు మీ ద్వారానే మారాను. మా చెల్లికీ, ఆఫీసులో కనీసం నలుగురికీ మీ పేరే చెప్పాను. వాళ్లు ఎదురుపడితే ఇప్పుడు నేనే మాట మారుస్తున్నాను.

మీకిది ఒక టికెట్టే కావచ్చు. బీచ్ ఉన్న ఊళ్లో సెలవుల సీజన్ మొదలైతే, రోజు అద్దెకిస్తే ఎక్కువ వస్తుందని ఓనర్లు నెల అద్దెకు ఇవ్వడం మానేస్తారు. అందుకే నాకు ఒక్కో రోజూ టెన్షన్. సాయంత్రాలు అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి వీధి వీధీ తిరిగి టు-లెట్ బోర్డులు చదువుతున్నాను. కుళాయి తిప్పి, నీళ్లు ఉప్పగా ఉన్నాయేమో నాలుక మీద వేసుకుని చూస్తున్నాను. గోడ అడుగున చెమ్మ ఉందేమో చెయ్యి పెట్టి చూస్తున్నాను. ఈ పనికి నాకెవరూ ప్లాన్ అమ్మలేదు.

డబ్బు వాపసు ఇస్తారా, ఇవ్వండి. కానీ అంతకంటే ముందు ఆ ఫ్లాట్‌ని మీ యాప్‌లోంచి తీసేసి, తీశామని ఒక మనిషి నాకు ఫోన్ చేసి చెప్పాలి. 7 రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. 4 టికెట్ నంబర్లు, కాల్ చేసిన తేదీలు, ఆ ఒంటి బటన్ స్క్రీన్‌షాట్ అన్నీ దాచి ఉంచాను. వాచ్‌మన్ కూడా సాక్ష్యానికి వస్తానన్నాడు, తలుపులు తీసి తీసి ఆయనకీ విసుగొచ్చింది.

ఇట్లు,
ఇంకా ఇల్లు దొరకని మీ పాత కస్టమర్

తా.క. ఉత్తరం ముగించే ముందు యాప్ తెరిచి చూశాను. ఆ ఫ్లాట్ ఇంకా ఉంది. పైన ఆకుపచ్చ రంగులో 'ఈరోజే వచ్చింది' అని రాశారు.