కోల్‌కతా గోల్ఫ్ ట్రిప్: తప్పు నాదే, తేదీలు మారుస్తున్నాను

ఆగస్టులో హైదరాబాద్ నుంచి మాతో కోల్‌కతా వచ్చిన పద్నాలుగు మందికీ ముందుగా క్షమాపణ. రెండు రౌండ్లని తీసుకెళ్లాను, వాన దెబ్బకి ఒక్కటే ఆడారు. ఇందులో క్లబ్ తప్పేమీ లేదు. విమానం టికెట్లు చవగ్గా దొరికాయని వానాకాలంలో ట్రిప్ పెట్టింది నేను.

ఇంకో తప్పు కూడా చేశాను. బ్రోచర్లో 'రాయల్' అని పెద్ద అక్షరాలు వేసి, ఏదో రాజభవనానికి వెళ్తున్నట్టు ఊరించాను. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ పుట్టింది 1829లో. బ్రిటిష్ దీవుల బయట ఇంతకంటే పాత గోల్ఫ్ క్లబ్ లేదు. మొదట డమ్‌డమ్ వైపు ఆడేవారు, చివరికి టాలీగంజ్ చేరారు. 'రాయల్' మాట పేరులో కలిసింది మాత్రం ఎనభై ఏళ్లు దాటాక, 1911లో బ్రిటిష్ రాజు ఐదో జార్జి వచ్చిన సందర్భంగా. అంటే ఆ బిరుదు కంటే ఆ ఆట చాలా పాతది. నేను అమ్ముకున్నది బిరుదుని.

అక్కడి అసలు రుచి నేలలో ఉంది. గోల్కొండ నయా ఖిలా గోల్ఫ్ కోర్సులో ఆడే మనకి రాళ్లు, కోట గోడలు అలవాటు. అక్కడ చెట్లు, పచ్చిక, పీట వేసినట్టు చదునైన నేల. చూడగానే 'ఇంతేనా' అనిపిస్తుంది. ఆ తర్వాత కుంటలు మొదలవుతాయి. వాననీళ్లు చేరే ఆ కుంటలే ఆటకి అడ్డం. మనలో ఒకాయన తొమ్మిది బంతులు గంగమ్మకి సమర్పించుకున్నారు, పేరు చెప్పను లెండి. గోల్ఫ్ ఆటగాడు ఎస్‌ఎస్‌పీ చౌరాసియా ఆట నేర్చుకున్నది ఈ నేల మీదే. వాళ్ల నాన్న అక్కడ గ్రీన్‌కీపర్, అంటే పచ్చిక చూసుకునే మనిషి. కోచ్ లేకుండా చూసి నేర్చుకున్న ఆ కుర్రాడే 2016, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ గెలిచాడు. బస్సులో ఈ కథ చెప్పాల్సింది పోయి, హోటల్ బఫే గురించి చెప్పాను!

ఆడని రౌండు డబ్బు ఈ శుక్రవారంలోగా మీ ఖాతాల్లో పడుతుంది. తర్వాతి ట్రిప్ జనవరి రెండో వారం. పొద్దున పొగమంచు ఉంటుంది కాబట్టి తొమ్మిది దాటాకే మొదలుపెడదాం. ధర మనిషికి 3,500 రూపాయలు పెరుగుతోంది. పోయినసారి విడిగా కట్టించుకున్న క్యాడీ (బ్యాగు మోసే మనిషి) ఫీజు, మధ్యాహ్నం భోజనం ఇప్పుడు అందులోనే.

బంతులు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. కాస్త ఎక్కువే తెచ్చుకోండి.